‘మీ గురించి చెప్పండి’: సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో రాయని భాగం

ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో ఒక రకం రచన చేతులు మారుతూ ఉంటుంది. ఫలానా కంపెనీ ఇంటర్వ్యూ ఎట్లా జరిగింది, ఎన్ని రౌండ్లు, ఏ రౌండులో ఏం అడిగారు, దానికేం చెప్పాలి అని ముందు వెళ్లొచ్చినవాళ్లు వెనక వెళ్లబోయేవాళ్ల కోసం రాసిపెట్టే నోట్సు అది. దాన్ని సాహిత్యమని ఎవరూ అనరు. కానీ కథల కన్నా, కవిత్వం కన్నా ఎక్కువ శ్రద్ధగా మన పిల్లలు చదివేది దాన్నే. బతుకు దాని మీద ఆధారపడి ఉంది గనక చదువుతారు. అంత శ్రద్ధగా చదివే రచనలో ఏముంది, ఏం లేదు అన్నది విమర్శ వేసుకోవాల్సిన ప్రశ్నే. అట్లాంటి ఒక నోట్సును, దాన్ని రాసిన మనిషి మాతో నోటితో చెప్పిన మాటల పక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాసినాయన దళిత సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక మాదిగవాడ నుంచి వచ్చాడు. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. తల్లి నాట్లకు, కలుపులకు పోతుంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివి, కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకుని, ఫీజు రీయింబర్స్‌మెంటుతో బీటెక్ పూర్తి చేశాడు. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో రెండేళ్లు పనిచేసి, తర్వాత ఒక పెద్ద కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాడు. అతని పేరు ఇక్కడ రాయడం లేదు. కంపెనీ పేరు కూడా రాయడం లేదు. రాస్తే విషయం ఒక కంపెనీ దుర్మార్గంగా కుదించుకుపోతుంది. మేము మాట్లాడుతున్నది ఒక పద్ధతి గురించి.

మూడు లైన్ల రౌండు

నోట్సు మొత్తం ఎనిమిది పేజీలు. ఆన్‌లైన్ టెస్టుకు ఒకటిన్నర పేజీ: ఎన్ని ప్రశ్నలు, ఎంత టైము, లెక్కల్లో ఏ చాప్టర్లు, తప్పు జవాబుకు మార్కులు కోస్తారా లేదా. కోడింగ్ రౌండుకు రెండు పేజీలు: లింక్డ్ లిస్టును తిరగేసి రాయడం, బ్రాకెట్లు సరిగ్గా మూసుకున్నాయో లేదో స్టాక్‌తో చూడటం, ఉద్యోగుల టేబుల్లోంచి రెండో పెద్ద జీతం తీసే క్వెరీ. టెక్నికల్ ఇంటర్వ్యూకు మూడు పేజీలు: అడిగిన ప్రశ్న, తను చెప్పిన జవాబు, చెప్పాల్సిన జవాబు. మేనేజర్ రౌండుకు ఒక పేజీ: చేసిన ప్రాజెక్టులో తన భాగం ఎంత, గడువు దగ్గర పడితే ఏ పని ముందు, ఏది తర్వాత. చివరిది హెచ్చార్ రౌండు. దానికి మూడు లైన్లు. జనరల్ క్వశ్చన్స్ అని ఒక లైను. ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అడుగుతరు అని ఒక లైను. కమ్యూనికేషన్ ప్రిపేర్ అయి పోవాలె అని ఒక లైను. అంతే.

ఐదు రౌండ్లలో మొదటి నాలుగూ అతను దాటాడు. ఉద్యోగం పోయింది ఈ మూడు లైన్ల దగ్గర.

నోటితో చెప్పేటప్పుడు ఈ లెక్క తారుమారైంది. మొదటి నాలుగు రౌండ్లూ పావుగంటలో చెప్పేశాడు. మూడు లైన్ల రౌండు చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అందులో కొంత భాగం అతని మాటల్లోనే:

‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్ అన్నరు. బట్టీ పట్టుకుని పోయింది చెప్తున్న. మధ్యల ఆపి, ఫర్వాలేదు, తెలుగులో మాట్లాడుకుందాం అన్నడు. మంచిగనే అన్నడు. ఊరేది అన్నడు, చెప్పిన. ఆ ఊళ్లె మా చుట్టాలున్నరు, మీరు ఎవరి తాలూకు అన్నడు. నాయిన పేరు చెప్పిన. ఆ పేరుతోనే ఆయనకు సమజైంది. ఏం చేస్తడు మీ నాన్న అన్నడు. మార్కెట్ యార్డుల పని చేస్తడని చెప్పిన. ఏం పని అన్నడు. హమాలీ అన్న. గుడ్, గుడ్ అన్నడు. ఎంసెట్ ర్యాంకు అడిగిండు. ఆ ర్యాంకుకు ఆ కాలేజీల కంప్యూటర్స్ ఎట్ల వచ్చింది అన్నడు. కన్వీనర్ కోటా అన్న. కాగితం మీద ఏదో రాసుకున్నడు. ఇంటర్ అయినంక ఒక ఏడు గ్యాపున్నది, ఎందుకన్నడు. ఇంట్ల బాగలేకుండె అని చెప్పిన. నాయినకు నడుము పట్టుకుంటే ఆ ఏడు బస్తాలు నేను మోసిన. అది చెప్పలే.’

వారం తర్వాత కన్సల్టెన్సీ నుంచి ఫోను వచ్చింది. కమ్యూనికేషన్ ఇష్యూ అంటున్నారు, నెక్స్ట్ టైమ్ చూద్దాం అన్నారట.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇరవై నిమిషాల్లో అడిగిన ప్రశ్నలు నాలుగు: ఊరు, తండ్రి, ర్యాంకు, గ్యాప్. నాలుగింటికీ జవాబు వచ్చింది. అతను చెప్పింది ఎదుటివాళ్లకు అర్థం కాలేదా? బాగా అర్థమైంది. తెలుగు పల్లెల్లో ‘మీరు ఎవరి తాలూకు’ అన్న మాటకు అర్థమేమిటో మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఎంసెట్ ర్యాంకునూ వచ్చిన సీటునూ పక్కపక్కన పెట్టి అడిగితే కులం సర్టిఫికెట్ చూపించమని అడిగినట్టే. బీటెక్ పాసై రెండేళ్లు పనిచేసి, నాలుగు రౌండ్లు గెలిచిన మనిషిని ఆరేళ్ల కిందటి ఎంట్రన్సు ర్యాంకు అడగటంలో పనికి సంబంధించిన విషయం ఏముంది?

అడిగినాయన చెడ్డవాడని మేము అనడం లేదు. నోట్సు రాసిన మిత్రుడూ అనలేదు. మర్యాదగానే మాట్లాడాడట, మంచినీళ్లు కూడా ఇచ్చాడట. కులం వల్లే ఉద్యోగం ఇవ్వలేదని అతను రుజువు చెయ్యలేడు. మేమూ చెయ్యలేం. మొదటి నాలుగు రౌండ్లలో తప్పు ఎక్కడ జరిగిందో చూపించొచ్చు, ఎందుకంటే రాసిన కోడు అక్కడుంది, నడుస్తుందో లేదో మిషను చెప్తుంది. అయిదో రౌండులో ఆధారమే మిగలదు. నాలుగు రౌండ్లలో తేల్చుకున్నదాన్ని ఏ ఆధారమూ లేని అయిదో రౌండు కొట్టేయగలుగుతోంది. ఆ అధికారం దానికి ఎవరిచ్చారు అన్నది మా ప్రశ్న.

మౌనం ఎవరిది?

మాతో రెండు సాయంత్రాలు మాట్లాడిన మనిషి కాగితం మీద మూడు లైన్లే ఎందుకు రాశాడు? అడిగితే మొదట నవ్వాడు. ‘లింక్డ్ లిస్టంటే తమ్ముళ్లకు నేర్పొచ్చు. నాయినను ఎట్ల ప్రిపేర్ అయి పోతరన్నా?’ అన్నాడు. నోట్సు అనే రూపం నేర్చుకోగలిగినదాన్నే రాయనిస్తుంది, పుట్టుకను సిలబస్‌లో పెట్టలేదు. రెండో కారణం, ఆ నోట్సు హాస్టల్లో అన్ని కులాల పిల్లల చేతుల్లోకీ పోతుంది. హమాలీ కొడుకునని, ఎస్సీ కోటా సీటని అందులో రాస్తే హాస్టలంతటికీ కులం చెప్పుకున్నట్టే. మూడో కారణం అన్నిటికన్నా బరువైంది. కమ్యూనికేషన్ బాగలేకనే పోయిందని అతనే సగం నమ్ముతున్నాడు. ఆ తర్వాత మూడు నెలలు అమీర్‌పేటలో డబ్బు కట్టి స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఇంటర్వ్యూలో తనను ఆపి తెలుగులోకి మళ్లించింది వాళ్లే అన్న సంగతి అతనికి మాతో చెప్తున్నప్పుడు గాని తట్టలేదు.

అగ్రకులాల పిల్లలు రాసిన నోట్సులు కూడా కొన్ని చూశాం. వాళ్లవాటిలోనూ హెచ్చార్ రౌండు రెండు మూడు లైన్లే. వాళ్లకది నిజంగానే చిన్న రౌండు. నాన్నగారు లెక్చరరు, అమ్మ గృహిణి, క్రికెట్ ఆడతాను అని చెప్తే అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ గదిలో కూచున్నవాళ్ల ఇంటికీ వాళ్ల ఇంటికీ పెద్ద తేడా లేదు గనక అడగటానికీ ఏమీ ఉండదు. అంటే ఒకే మూడు లైన్ల కింద రెండు వేరు వేరు సంఘటనలు దాక్కుని ఉన్నాయి. ఒకచోట ఆ లైన్లు జరిగినదంతా చెప్తున్నాయి, ఇంకోచోట జరిగినదాన్ని కప్పిపెడుతున్నాయి. పైకి చదివేవాళ్లకు రెండూ ఒకటే. ఇంటర్వ్యూ అందరికీ సమానంగా జరుగుతుందన్న భ్రమ ఇట్లాంటి రాతల వల్ల కూడా నిలబడుతోంది.

లెక్కలు ఎక్కడిదాకా వచ్చాయి

ఇదంతా ఒక మనిషి అనుభవం, దీన్ని పట్టుకుని సిద్ధాంతాలు చేస్తారా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ప్రచురించిన అధ్యయనం ఉంది. ప్రైవేటు కంపెనీలు పేపర్లలో ఇచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాలపాటు 4,808 దరఖాస్తులు పంపారు. చదువులు సమానం, పేర్లు మాత్రం వేరు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందువు పేరున్నదానితో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. వాళ్లు పోల్చింది మనుషుల్ని కాదు, కాగితాల్ని. కాగితం మీద పేరు ఒక్కటే మారితే ఇంత తేడా.

ఇంకో అధ్యయనం మన వాదానికి ఎదురుగా కనిపిస్తుంది గనక దాన్ని దాచకూడదు. అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఢిల్లీ చుట్టుపక్కల 371 ఖాళీలకు 3,160 కల్పిత రెజ్యూమేలు పంపి 2009లో ఫలితాలు ప్రచురించారు. కాల్‌సెంటర్ ఉద్యోగాల్లో కులం తేడా కనిపించింది, ముఖ్యంగా వెనకబడిన కులాల విషయంలో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మాత్రం దళితుల పట్ల గాని, బీసీల పట్ల గాని వివక్ష ఉన్నట్టు ఆధారం దొరకలేదు. సాఫ్ట్‌వేర్‌కు కులం లేదనేవాళ్లు దీన్ని చూపించవచ్చు. మేము కూడా ఈ ఫలితాన్ని ఒప్పుకుంటాం. కానీ ఆ ప్రయోగం కొలిచింది ఫోను వచ్చేదాకానే. కల్పిత మనిషి ఇంటర్వ్యూకి వెళ్లలేడు గదా! మా మిత్రునికీ పిలుపు వచ్చింది. పిలుపు తర్వాత జరిగేదాన్ని ఆ లెక్క పట్టుకోలేదు. మాటతో పనిపడే కాల్‌సెంటర్ ఉద్యోగాల దగ్గర పిలుపులోనే తేడా వచ్చిందంటే, మాటా ముఖమూ ముందుకొచ్చే చివరి రౌండు గురించి మనం ఏమనుకోవాలి?

ఆ గది లోపలికి కొంత వెలుగు వేసింది సురీందర్ జోధ్కా, కాథరీన్ న్యూమన్‌ల పరిశోధన. వాళ్లు పెద్ద కంపెనీల్లో నియామకాలు చూసే 25 మంది మేనేజర్లతో మాట్లాడి 2007లో రాశారు. మెరిట్ తప్ప ఏదీ చూడం అని చెప్పిన ఆ మేనేజర్లే కుటుంబ నేపథ్యం దాదాపు తప్పనిసరిగా అడుగుతామనీ చెప్పారు. ఆ రెండింటికీ వైరుధ్యం ఉందని వాళ్లకు అనిపించలేదు. మంచి కుటుంబంలో పుడితే మంచి నడత, మంచి నడత ఉంటే మంచి ఉద్యోగి అన్నది వాళ్ల నమ్మకం. మనువు చెప్పిన సిద్ధాంతం ఇంతకన్నా వేరుగా ఏం చెప్పింది?

1990లో మండల్‌కు వ్యతిరేకంగా అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. రిజర్వేషన్లు వస్తే మెరిట్ గలవాళ్లకు చివరికి ఈ పనులే మిగులుతాయని వాళ్ల నిరసన. ఆ పనులు చేసేవాళ్లకు మెరిట్ ఉండదన్న మాట అందులోనే ఉంది. అప్పుడు మెరిట్ అంటే మార్కులు, ర్యాంకులు. ఇప్పుడు మన పిల్లలు మార్కుల్లో, కోడింగులో దాటి వస్తుంటే మెరిట్ అర్థం జరిగి కమ్యూనికేషన్, కల్చర్ ఫిట్, యాటిట్యూడ్ అన్న మాటల్లోకి పోయింది. మార్కులకు ఒక అంకె ఉండేది, దానితో కొట్లాడొచ్చు. ఫిట్‌కు అంకె లేదు.

బ్యాక్‌లాగ్ అన్న మాట సంగతే చూడండి. దళిత ఉద్యమంలో బ్యాక్‌లాగ్ అంటే రోస్టర్ ప్రకారం నింపకుండా ప్రభుత్వం మిగిల్చిన మన పోస్టులు, అంటే ప్రభుత్వం మనకు పడ్డ బాకీ. ప్లేస్‌మెంటు నోటీసు బోర్డు మీద బ్యాక్‌లాగ్ అంటే పిల్లవాడు తప్పిన సబ్జెక్టులు, అంటే వాడు పడ్డ బాకీ. పదిలో, ఇంటర్లో, బీటెక్‌లో మూడింట్లోనూ 60 శాతం, బ్యాక్‌లాగులు ఉండొద్దు, చదువులో గ్యాప్ ఉండొద్దు అని షరతులు పెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే చదువు ఆగే కుటుంబాలు ఏవి, ఆగని కుటుంబాలు ఏవి? గ్యాప్ అన్న ఒక్క మాటతో ఆ తేడా మొత్తం పిల్లవాడి లోపంగా మారిపోతుంది.

రాజ్యం గుమ్మం దాకా వచ్చి ఆగిన న్యాయం

ఇంటర్వ్యూలో అన్యాయం ఎట్లా జరుగుతుందో ఈ దేశంలో న్యాయస్థానాలకు తెలియదనుకోవద్దు. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ అడ్మిషన్ల మీద నడిచిన అజయ్ హసియా కేసులో 1980 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అక్కడ రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలే చూశారని, సబ్జెక్టు వదిలి తల్లిదండ్రుల గురించి, ఊరు గురించి అడిగారని విద్యార్థుల ఫిర్యాదు. మొత్తం మార్కుల్లో మూడో వంతు ఇంటర్వ్యూకు పెట్టడం నిరంకుశమని, 15 శాతం మించకూడదని, ఇంటర్వ్యూలను టేపు రికార్డు చేస్తే మంచిదని కోర్టు అన్నది. మా మిత్రుణ్ని అడిగిన ప్రశ్నలకూ ఆ ప్రశ్నలకూ తేడా ఎంత?

తర్వాత పాలకులు కూడా ఆ దారికే వచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2లకు తీసేసింది. సిఫార్సులకూ పక్షపాతానికీ ఇంటర్వ్యూ దారి ఇస్తుందని ప్రభుత్వాలే ఒప్పుకున్నట్టు.

కానీ అజయ్ హసియా తీర్పులో అసలు చర్చ ఆ కాలేజీ రాజ్యాంగం 12వ అధికరణ కింద ‘రాజ్యం’ అవుతుందా కాదా అన్నది. అవుతుంది గనకనే 14వ అధికరణ వర్తించింది. ప్రైవేటు కంపెనీ రాజ్యం కాదు. అందుకే ఒక కాలేజీ చేస్తే నిరంకుశమైన పని, కంపెనీ చేస్తే దాని ఇష్టం అవుతోంది. అంటరానితనం కారణంగా ఏ ఉద్యోగం చెయ్యకుండా అడ్డుకున్నా నేరమని 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షను చెప్తోంది. ఆ నేరం కోర్టుకెక్కాలంటే ముందు ఒక కాగితం కావాలి. ఫోనులో చెప్పిన ‘కమ్యూనికేషన్ ఇష్యూ’ ఏ కోర్టులో నిలబడుతుంది?

2004లో యూపీఏ ప్రభుత్వం ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల గురించి పరిశ్రమతో మాట్లాడతానన్నది. 2006లో పరిశ్రమ సంఘాల టాస్క్‌ఫోర్సు చట్టం వద్దంది, స్వచ్ఛందంగా శిక్షణలు, స్కాలర్‌షిప్పులు ఇస్తామంది. శిక్షణ మంచిదే, మన పిల్లలకు కావాల్సిందే. అయితే శిక్షణ అన్నప్పుడల్లా లోపం ఎక్కడుందని అంటున్నారో గమనించాలి. నేర్చుకోవాల్సింది ఎప్పుడూ బల్లకు ఇవతల కూచున్నవాడే. అవతల కూచుని ‘ఎవరి తాలూకు’ అని అడిగేవాళ్లకు శిక్షణ అక్కర్లేదా?

సముద్రాలు దాటినా ఈ ప్రశ్న వెంట వస్తోంది. 2020 జూన్‌లో కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల విభాగం సిస్కో కంపెనీ మీద దావా వేసింది. ఒక దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ సీటులో చదివాడన్న సంగతిని అతని పై అధికారి తోటివాళ్లకు చెప్పాడన్నది అందులో ఒక ఆరోపణ. కంపెనీ ఆరోపణలను ఖండించింది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్ల మీద కేసును ఆ విభాగమే వెనక్కి తీసుకుని, కంపెనీ మీద మాత్రం కొనసాగించింది. తీర్పుల సంగతి ఎట్లా ఉన్నా, నల్లగొండ పిల్లవాణ్ని అడిగిన ర్యాంకు ప్రశ్నే అక్కడా తిరుగుతోందని గుర్తుపట్టడానికి మనకు కోర్టు అక్కర్లేదు. 1917లో కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన అంబేద్కర్‌కు బరోడాలో ఉద్యోగం దొరికింది, ఉండటానికి ఇల్లు దొరకలేదు. పారశీ పేరు పెట్టుకుని సత్రంలో ఉంటే కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. చదువు వేరు, ‘నువ్వు ఎవరివి’ అన్న ప్రశ్న వేరు అని ఈ దేశం ఆయనకు అప్పుడే చెప్పింది.

ఏం చెయ్యాలి?

మొదటిది, రాయాలి. మూడు లైన్ల రౌండును మన ఇంజనీర్లు పూర్తిగా రాయాలి. పేర్లు అక్కర్లేదు. ఏ ప్రశ్న అడిగారు, ఏ జవాబు దగ్గర గొంతు మారింది, తర్వాత ఏ కారణం చెప్పారు, అంతవరకు చాలు. ఒక్కరు రాస్తే ఫిర్యాదులా ఉంటుంది. వందమంది రాస్తే పద్ధతి బయటపడుతుంది. విశ్వవిద్యాలయాల్లో ఉన్న పరిశోధకులు ఈ పని భుజాన వేసుకోవాలి.

రెండోది, కులంతో, కుటుంబంతో, ఎంట్రన్సు ర్యాంకుతో, చదువు మధ్యలో వచ్చిన గ్యాపుతో ముడిపడ్డ ప్రశ్నలు అడగకూడదనీ, అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు వెయ్యాలనీ, చివరి రౌండులో తీసెయ్యాలంటే కారణం రాసి ఇవ్వాలనీ అడగాలి. ప్రైవేటు రంగానికి వర్తించే చట్టం కోసం పోరాటం ఎట్లాగూ ఉంది, అది పొడుగైంది. చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూచోవాల్సిన పనిలేదు.

ఎందుకంటే ఈ ఇంటర్వ్యూల్లో కొన్ని జరిగేది మన విశ్వవిద్యాలయాల క్యాంపసుల్లోనే. గదులు ప్రభుత్వానివి, కరెంటు ప్రభుత్వానిది, ప్లేస్‌మెంటు ఆఫీసరు జీతం ప్రభుత్వానిది. కంపెనీ రాజ్యం కాకపోవచ్చు, విశ్వవిద్యాలయం రాజ్యమే. కంపెనీలు పెట్టే 60 శాతం షరతును నోటీసు బోర్డు మీద అంటించే యాజమాన్యం, తన షరతులు కూడా కంపెనీ ముందు పెట్టొచ్చు: మా గదిలో ఇంటర్వ్యూ చేస్తే రికార్డు ఉండాలి, మా ఎస్సీ ఎస్టీ సెల్ నుంచి ఒక అధ్యాపకుడు కూచోవాలి, పిల్లవాడి తండ్రి ఏం చేస్తాడో అడగకూడదు. దీనికి పార్లమెంటు అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. వచ్చే ప్లేస్‌మెంటు సీజనుకు ముందే ప్రతి క్యాంపసులో విద్యార్థి సంఘాలు ఈ మూడు షరతులతో వైస్ ఛాన్సలర్ దగ్గరికి వెళ్లాలి.